సొంతమా, వరసా?

ఏప్రిల్ ఆఖరి వారానికి మా హాస్టల్లో ముందు నీళ్లు అయిపోతాయి, తర్వాత కూరగాయలు, ఆ తర్వాత నా ఓపిక. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. మార్కాపురం ఊరి బయట ఒక పీజీ సెంటరు, దానికి ఒక ఆడపిల్లల హాస్టలు, ఆ హాస్టలుకు నేను డిప్యూటీ వార్డెన్‌ని. పగలు ఎకనామిక్స్ పాఠం చెప్తాను. మిగతా టైమంతా ఫ్యాను తిరగడం లేదని, బాత్రూమ్ గొళ్లెం ఊడిందని, సాంబారులో ఉప్పు లేదని చెప్పే మాటలు వింటాను. తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాది పిల్లలు ఖాళీ చేసి వెళ్తుంటే వాళ్లతో పాటు నేనూ ఏడ్చాను. ఇప్పుడు ఎవరైనా నా భుజం మీద పడి ఏడుస్తుంటే, ఈ పిల్ల గది తాళంచెవి ఇచ్చిందా లేదా అన్నది గుర్తొస్తుంది.

ఖాళీ చేసే వారం చూడాలి. పొద్దున్నే ట్యాంకరు వచ్చేసరికి బకెట్లు వరసలో ఉంటాయి, వాటి మీద నెయిల్ పాలిష్‌తో రాసిన గది నంబర్లు. ఆ వరసలో సగం బకెట్లు ముందే ఊరెళ్లిపోయిన వాళ్లవి, మిగిలినవాళ్లు వాటిని తమవని కొట్టుకుంటారు. గేటు బయట పాత పుస్తకాలు కొనేవాడు తక్కెడ పెట్టుకుని కూర్చుంటాడు. రెండేళ్లు గుండెలకు హత్తుకుని తిరిగిన నోట్సును పిల్లలు నవ్వుతూ వాడి సంచిలో పడేస్తారు. నేను కాగితం పట్టుకుని గదిగదికీ తిరుగుతాను. మంచాలు రెండు, ట్యూబులైటు ఒకటి, అద్దం పగిలింది, పగలగొట్టింది మేం కాదు మేడమ్, మేం వచ్చేసరికే అట్ల ఉంది. ప్రతి గదిలోనూ ఒకే జవాబు. మోకాళ్లు నొప్పి పుడతాయి. మెట్లు ఎక్కుతూ ఆ జవాబు నేనే ముందుగా అనుకుంటూ పోతాను.

వీటన్నింటికంటే నా ప్రాణం తీసేది గేటు దగ్గరి రిజిస్టరు. ఖాళీ చేసే పిల్ల పేరు, గది నంబరు, తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి పేరు, ఆధార్ కార్డు నంబరు, సంతకం, చివర్లో ఒక గడి: సంబంధం. ఆ గడిని ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మనిషి మా వైపు మనిషి కాదు. మా వైపు ఎవరూ ఎవరికీ ఏమీ కాకుండా ఉండరు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నామె కంభం దాటేలోపు పిన్ని అయిపోతుంది. చెప్పుల దుకాణంలో ఉన్నతను అన్న. మా వాచ్‌మన్‌ని హాస్టలు మొత్తం చిన్నాయనా అని పిలుస్తుంది. నేనూ గిద్దలూరులో పుట్టి పెరిగినదాన్నే. మా ఇంటి ఎదురుగా మిషను కుట్టుకునే సాయిబును మామా అని పిలుస్తూ, ఆయన కుట్టిన గౌన్లు తొడుక్కుని పెరిగాను. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఆ గడి ముందు కూర్చోబెట్టారు.

మూడేళ్ల కిందట ఒక పిల్లను తీసుకెళ్లడానికి ఒక 'మామ' వచ్చాడు. పిల్ల ముఖం వెలిగిపోయింది, నేను సంతకం పెట్టించుకుని పంపేశాను. రెండో రోజు అసలు మేనమామ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. పిల్లకేమీ కాలేదు, స్నేహితురాలి ఊళ్లో తిరునాళ్లకు పోయింది, అంతే. కానీ నాకు మెమో వచ్చింది. ఉద్యోగంలో అదే మొదటి మెమో. అది చదివిన రోజు నుంచి నేను మారిపోయాను. హాస్టల్లో చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో ఫొటో ఉన్న మనిషి వస్తేనే పంపుతాను, లేదంటే సొంత చుట్టమని కార్డు చూపించాలి. వచ్చిన ప్రతివాళ్లనూ ఒకే ప్రశ్న అడిగేదాన్ని: "సొంతమా, వరసా?"

పిల్లలు నాకు 'వరసల మేడమ్' అని పేరు పెట్టారు. వీడ్కోలు సభలో ఒకతె నాలాగా కళ్లజోడు ముక్కు చివరికి దించి, మెస్సులో తిరిగే పిల్లిని చూపించి, "వంటామె గారూ, ఇది మీకు సొంతమా, వరసా?" అని అడిగింది. హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక కాస్త ఉడుక్కున్నాను కూడా.

ఇక నేను చెప్పాలనుకున్న పిల్ల సంగతి. ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో ఏడు. వాళ్ల ఊరు పెద్దారవీడు దాటాక కొండ కింద. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోయి, కోతలన్నీ అయ్యాకే ఊరు చేరుతుంది. ఈ పిల్ల గదిలో చర్చి వాళ్ల క్యాలెండరు, దాని పక్కన టైంటేబులు, ఇంకేమీ ఉండేవి కావు. పలకల ఫ్యాక్టరీ దగ్గర పారేసిన పెద్ద రాతి పెచ్చు ఒకటి మోసుకొచ్చి, వరండాలో గోడకు ఆనించి, దాని మీద సుద్దతో జూనియర్లకు లెక్కలు చెప్పేది. చెప్పేటప్పుడు గొంతు పెంచేది కాదు. అర్థం కాని పిల్ల దగ్గరికి వెళ్లి పక్కన కూర్చునేది. తొమ్మిదేళ్లలో నేను చూసిన పిల్లల్లో టీచరు కావడానికే పుట్టింది అనిపించినది ఆమె ఒక్కతే.

పొదిలిలో ఒక స్కూలు వాళ్లు ఆమెను డెమో క్లాసుకు రమ్మన్నారు. పదకొండు గంటలకు పిల్లల ముందు ఒక పాఠం చెప్పాలి. నచ్చితే జూన్ నుంచి ఉద్యోగం, ఉండటానికి స్కూలు వెనకే ఒక గది. "మా అమ్మను తెచ్చుకుంటా మేడమ్, ఇంక కోతలకు పంపను. ఆమె చేతులు రాత్రిళ్లు మండుతాయి, నీళ్లలో పెట్టుకుని పడుకుంటాది" అని నాతో చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

డెమో రోజుకు పరీక్షలు అయిపోయి రెండు రోజులైంది. పరీక్షలయ్యాక మా దగ్గర ఔట్‌పాసులు ఉండవు, వెళ్తే ఖాళీ చేసి వెళ్లడమే. ఫారంలో ఆమె తల్లి ఫొటో ఒక్కటే ఉంది. తల్లి కోతల్లో ఉంది.

ఎనిమిది గంటలకు ఒకాయన గేటు దగ్గరికి వచ్చాడు. అరవై దాటినవాడు, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చొక్కా జేబులో రబ్బరు బ్యాండు వేసిన సెల్‌ఫోను. కాలి చెప్పులు గేటు బయటే విడిచాడు. అక్కడ చెప్పులు ఎవరూ విడవరు. నేను అప్పటికి గంటన్నరగా ఆ కుర్చీలో ఉన్నాను, టిఫిను తినలేదు, కరెంటు లేదు.

"మా బిడ్డను తీసుకపోను వచ్చినానమ్మా" అన్నాడు. "ఆ బిడ్డను పొదిల్లో బడికాడ దించి, పని అయినాక ఇంటికి పోతాం."

"మీరేమవుతారు?"

"పెదనాయనను."

"సొంతమా, వరసా?"

"సొంతమేనమ్మా" అన్నాడు. కాస్త కూడా తడుముకోలేదు.

కార్డు అడిగాను. తువ్వాలు కొసకు కట్టిన ప్లాస్టిక్ కవరు విప్పి ఇచ్చాడు. ఫారం తీసి పక్కన పెట్టాను. ఇంటిపేర్లు కలవలేదు. ఇంటిపేరే కాదు, కులం కలవలేదు, మతం కలవలేదు. ఆయన భూమి ఉన్న రైతు, వీళ్లు ఆ భూమిలో కూలికి పోయేవాళ్లు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నా మనసులోకి వచ్చిన అనుమానం ఏమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. తండ్రి లేని పిల్ల, ఊళ్లో లేని తల్లి, తీసుకెళ్లడానికి వచ్చిన ఆసామి. అంతకంటే చెప్పను, మీకు అర్థమయ్యే ఉంటుంది.

"అబద్ధం ఎందుకు చెప్తున్నారు?" అన్నాను. కోపమొస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది. "మీ ఇంటిపేరేంది, ఈ పిల్ల ఇంటిపేరేంది? మీరేంది, వాళ్లేంది? సొంతం ఎట్ల అయితారు?"

చుట్టూ పెట్టెలు పట్టుకుని నిలబడినవాళ్లందరూ ఇటు తిరిగారు. ఆయన ముందు నవ్వబోయాడు. నా ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"వాళ్ల నాయన నన్ను అన్నా అని పిల్చేటోడమ్మా. మా బాయికాడ పడిపోయిన దినం కూడా అన్నా అనే పిల్చినాడు. నా చేతుల్లోనే పోయినాడు. ఇంక సొంతం కావాలంటే ఏం కావాల?"

జవాబు లేనప్పుడు రూలు ఉంటుంది కదా. "అదంతా కాదు, కాగితం కావాలి. లేకపోతే తల్లి ఫోనులో చెప్పాలి" అన్నాను.

ఈలోపు ఆ పిల్ల పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. లేత నీలం చీర కట్టుకుంది. ఆ చీర పిన్నులు పెట్టడానికి స్నేహితురాళ్లు పొద్దున్నుంచీ ఆమె గదిలోనే ఉన్నారు. సంగతి తెలుసుకుని, "మా అమ్మే పంపించింది మేడమ్ పెదనాయనను" అంది. నేను తల్లికి ఫోను చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. స్విచాఫ్.

"కోతలకాడ కరెంటు ఉండదు మేడమ్. మాపటికి ఊళ్లోకి వచ్చి చార్జింగు పెట్టుకుంటారు."

"మరి ఫారంలో ఇంకొకరి ఫొటో ఎందుకు ఇవ్వలేదు?"

"పెదనాయనది ఇయ్యమంటారా అని అడిగినా మేడమ్. అమ్మది చాలు అన్నారు."

అనే ఉంటాను. చేరేటప్పుడు అంతమంది పిల్లలు, అన్ని ఫారాలు. ఏ పిల్లతో ఏమన్నానో నాకెక్కడ గుర్తుంటుంది? ఆ మాటే ఆమెతో కూడా అన్నాను. ఆ పిల్ల వాదించలేదు. లెటరు రాసిస్తానంది, నేనే ఒంటరిగా పోతానంది, పెట్టె ఇక్కడే వదిలి సాయంత్రానికి తిరిగొస్తానంది. ఒక్కోదానికి నేను ఒక్కో రూలు చెప్పాను. తొమ్మిదిన్నర బస్సు తప్పితే పదకొండుకు పొదిలి చేరలేరు. తొమ్మిదిన్నర అవుతుంటే ఆమె నా వైపు చూడటం మానేసి గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది.

నేను ఆ రోజు ఏమేం చేసి ఉండొచ్చో తర్వాత చాలాసార్లు లెక్క వేసుకున్నాను. వంటామెను తోడు ఇచ్చి పంపొచ్చు. ఆ ఊరి సర్పంచికి ఫోను చేయొచ్చు. రిజిస్టరు మూసేసి నేనే ఆమెతో బస్సెక్కొచ్చు, ప్రపంచం మునిగిపోయేది కాదు. ఇవేవీ తట్టలేదు. అలసిపోయి ఉన్నానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. అలసట నిజమే. కానీ ఒక మనిషి అబద్ధాన్ని పట్టుకున్నానన్న చిన్న సంతోషం కూడా ఉంది, అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

బస్సు టైము దాటాక ఆయన బెంచీ మీద నుంచి లేచాడు. "బాధపడొద్దు బిడ్డా. మాపటికి మీ అమ్మకు ఫోను కలిపి చెప్తా, ఆమే వస్తాది" అన్నాడు. వాచ్‌మన్ ఇచ్చిన నీళ్లు తాగలేదు. కార్డును మళ్లీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, తువ్వాలు కొసకు ముడి వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను ఇంత కాలం మోసేదాన్ని కాదు.

మధ్యాహ్నం ఆ రోజు లెక్క ఆఫీసుకు పంపాలని రిజిస్టరు తిరగేశాను. ఏడు గంటలకు ఒక పిల్ల వెళ్లింది. సంబంధం: బాబాయి. కార్డు నంబరు రాసే చోట ఖాళీ. కింద నా సంతకం. గుర్తొచ్చింది. తెల్ల కారు, ఇస్త్రీ చొక్కా, "గుడ్ మార్నింగ్ మేడమ్, ఎండ ముదరక ముందే బయల్దేరతాం" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి మరీ నవ్వాను. సొంతమా, వరసా అని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆ ఖాళీ గడి వైపు చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. పాత పేజీలు తిప్పాను. అలాంటి ఖాళీలు ఇంకా ఉన్నాయి. పంచె కట్టుకుని వచ్చినవాళ్ల వరసల్లో మాత్రం ఒక్క ఖాళీ లేదు.

అప్పుడు స్కూలుకు నేనే ఫోను చేశాను. వార్డెన్‌ని మాట్లాడుతున్నాను, తప్పు మా వైపుదే, ఆ అమ్మాయికి ఇంకో రోజు ఇవ్వండని బతిమాలాను. అవతలాయన మర్యాదగానే మాట్లాడాడు. వచ్చినవాళ్లలో ఒకరిని తీసేసుకున్నామండీ, వచ్చే ఏడాది ఖాళీ ఉంటే చెప్తాం అన్నాడు.

సాయంత్రానికి హాస్టలు మొత్తానికి ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. మెస్సు మూసేశారు. మా ఇంట్లో వండిన అన్నం, దోసకాయ పప్పు పట్టుకుని ఆమె గదికి వెళ్లాను. చీర విప్పి మడత పెట్టి పెట్టెలో పెట్టేసింది. పాత చుడీదారులో, పరుపు లేని మంచం మీద కూర్చుని ఉంది. స్కూలువాళ్లు చెప్పిన మాట చెప్పాను. తల ఊపింది. తప్పు నాదేనమ్మా అని చెప్పాలని మెట్లు ఎక్కుతూ అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే, "రూల్స్ అలా ఉన్నాయమ్మా, నేనేం చేయను" అన్నాను.

"తెలుసు మేడమ్" అంది. అన్నం తిని, ప్లేటు కడిగి, తుడిచి నా చేతికిచ్చింది. "థాంక్స్ మేడమ్."

మర్నాడు పొద్దున తల్లి వచ్చింది. రాత్రి రైలెక్కి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, తెలిసిన ఆటో దొరక్క కొంత దూరం నడిచి, తర్వాత ఆటో మాట్లాడుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చీర దులిపినా మిరప ఘాటు పోలేదు, దగ్గరికి రాగానే నాకు తుమ్ము వచ్చింది. ఆమె సిగ్గుపడి రెండడుగులు వెనక్కి జరిగింది. ఆ రెండడుగులు నాకు బాగా గుర్తు.

ఆమెను చూడగానే నేను సిద్ధమైపోయాను. తిడుతుంది, తిట్టనీ అనుకున్నాను. తిడితే నాకూ కాస్త తేలికవుతుంది.

"నీకు శానా శ్రమ ఇచ్చినాం అక్కా" అంది. "బస్సు తప్పిపోయినాదంట గదా. పిల్ల ఫోనులో చెప్పినాది. రాతిరి నువ్వే అన్నం పెట్టినావంట. ఒక్క పిల్లే ఉంటే బయపడతాదని దిగులు పడినా. నువ్వుండావని చెప్పినాక పాణం కుదుటపడినాది."

నేను ఆ పిల్ల వైపు చూశాను. ఆమె పెట్టె తాడు బిగిస్తోంది, తల ఎత్తలేదు. తల్లితో నా పేరెత్తకుండా బస్సు మీదికి నెట్టేసింది, పెదనాయన కూడా నా మాట చెప్పినట్టు లేదు. ఎందుకు నెట్టిందో నాకు తెలియదు. నా మీద దయ అయితే కాదు. చెప్తే తల్లి ఇంకా బాధపడుతుందని అయ్యుండొచ్చు. లేదంటే ఈ మనిషి గురించి ఇంక మాట్లాడటం దేనికి అనుకుని ఉండొచ్చు.

తల్లి సంచిలోంచి పేపరు పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఎండు మిరపకాయలు. "కూరలోకి ఏసుకో అక్కా, మంచి కారం" అంది. పొట్లం తీసుకున్నాను. రిజిస్టరు ముందుకు జరిపాను. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం చేసింది. సంబంధం గడిలో నేనే 'తల్లి' అని రాశాను. ఆ మాట రాస్తుంటే లెక్క తట్టింది: ఈమె నన్ను అక్కా అంటే ఆ పిల్లకు నేను పెద్దమ్మనవుతాను. నిన్న నేను గేటు దగ్గరి నుంచి పంపేసిన మనిషి పక్కన నిలబడాల్సిన వరస.

"మీ ఊరి పెదనాయనకు..." అని మొదలుపెట్టాను. నేను క్షమించమన్నానని చెప్పమందామనుకున్నాను. పిల్ల తల ఎత్తి చూసింది. అంతటితో ఆగిపోయాను.

"ఆ బావకు ఏందక్కా?" అంది తల్లి.

"ఏమీ లేదు. అడిగానని చెప్పండి."

ఆమె సంతోషంగా తలూపింది. "పొయ్యొస్తాం అక్కా" అంది.

మా వైపు గడప దాటేవాళ్లు ఎవరైనా అనే మాట అదే. తిరిగి రాని చోటికి వెళ్లేవాళ్లు కూడా పొయ్యొస్తామనే అంటారు. ఒట్టి 'పోతున్నా' అనే మాట ఎంత కోపంలో ఉన్నా గుమ్మంలో నిలబడి అనరు, అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు.

తల్లి మాట్లాడుకుని వచ్చిన ఆటోలోనే ఆ పిల్ల పెట్టె పెట్టి, వెనక్కి వచ్చి, గది తాళంచెవి నా ముందు బల్ల మీద పెట్టింది.

"పోతున్నా మేడమ్."

"పోయి రామ్మా" అన్నాను.

ఆమె తల్లి పక్కన కూర్చుంది. ముందు సీట్లో ఉన్న ఆటో అతన్ని ఆ తల్లీకూతుళ్లు చూసి అరగంట కూడా అయి ఉండదు.

"పోనీ మామా" అంది ఆ పిల్ల.